షార్లెట్ బ్రాంటీయు పండ్రెండు కొయ్య సిపాయిలును

బల్లచుట్టును కూర్చుండి, చిన్న చిన్న సిపాయి బొమ్మలను, మంత్రగాండ్ర బొమ్మలను, రక్కసుల బొమ్మలను ముందుంచుకొని, ఒక్కొక్కరొక్కొక్క పాత్రను వహించి, లేని రాజ్యములలో లేని యుద్ధములు చేయు ఆట యొకటి నేడు లోకమున వ్యాపించియున్నది. 1974 వ సంవత్సరమున అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను పేర నిట్టి యాటను ప్రకటించిరి. ఒకడు కథ నడుపును. తక్కినవారు తమ పాత్రలు చేయు పనులను చెప్పుదురు. పాచికలు పడిన తీరునుబట్టి జయాపజయములు తేలును. బొమ్మలను సేకరించుట, వానికి రంగులు వేయుట, అరలలో వరుసగా నిలుపుట కొందరికి వేరొక వేడుక. ఇది చూచి తలిదండ్రులలో కొందరు, పిల్లలు చదువు మాని పగటికలలలో పడుచున్నారని విచారింతురు. పిల్లలో, ఈ యాట బుద్ధికి పదునుపెట్టునని వాదింతురు. ఈ తగవు తీర్చుట మా పని కాదు. కాని యీ యాట పుట్టుటకు నూట నలువది యేండ్లకు పైగా ముందే, పాచికలు లేకుండ, అట్టి యాటనే యాడిన యొక పాదిరిగారి బిడ్డల చరిత్రము కలదు. దానిని మా చదువరుల యెదుట నుంచెదము. తీర్పు వారే చెప్పుకొందురు గాక.

ఆంగ్ల నవలా రచయిత్రులలో ప్రసిద్ధికెక్కిన షార్లెట్ బ్రాంటీ 1816 వ సంవత్సరము ఏప్రిల్ 21 వ తేదీన ఇంగ్లండులోని యార్క్‌షైరు సీమలో థార్న్‌టన్ అను గ్రామమున జన్మించెను. ఆమె తండ్రి పాట్రిక్ బ్రాంటీగారు ఐర్లండు దేశపు పేద కుటుంబమున పుట్టి, స్వయంకృషిచే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చదివి, పాదిరియైనవారు. తల్లి మరియా కార్న్‌వాల్ సీమకు చెందినది. వారికి మరియా, ఎలిజబెత్, షార్లెట్, బ్రాన్వెల్, ఎమిలీ, ఆన్ అని ఆర్గురు బిడ్డలు. వారిలో బ్రాన్వెల్ ఒక్కడే కుమారుడు.

1820 లో ఆ కుటుంబము హావర్త్ అను కొండయూరికి చేరెను. గురుగృహమునకు ముందు సమాధుల తోట; వెనుక గాలికొట్టు బయలు కొండనేల. ఆ యూరి నీరు మంచిది కాదు. 1850 లో బెంజమిన్ బాబేజి అను అధికారి వచ్చి విచారింపగా, అచ్చట పుట్టిన బిడ్డలలో నూటికి నలువదిమందికి పైగా ఆరేండ్లు నిండకమునుపే చనిపోవుచున్నట్లు తేలెను. అట్టి యూరిలో ఈ బిడ్డలు పెరిగిరి. 1821 లో తల్లి కాలముచేసెను. ఆమె యక్కగారైన ఎలిజబెత్ బ్రాన్వెల్ వచ్చి బిడ్డలను పెంచ పూనుకొనెను. 1824 లో పెద్దకుమార్తెలు నలుగురిని కౌవన్ బ్రిడ్జి అను చోటనున్న పాదిరుల కుమార్తెల పాఠశాలకు పంపిరి. చలియు, చాలీచాలని తిండియు, రోగమును అచ్చట రాజ్యమేలుచుండెను. 1825 లో మరియా, ఎలిజబెత్ అను పెద్దపిల్లలిద్దరును క్షయరోగముచే ఒకరి వెంట నొకరు మరణించిరి. తండ్రి షార్లెట్టును, ఎమిలీని ఇంటికి తెచ్చుకొనెను. తొమ్మిదేండ్లు నిండిన షార్లెట్టు ఆనాటినుండి బిడ్డలందరిలో పెద్దదయ్యెను.

మరుసటి యేడు, అనగా 1826 జూన్ మాసమున, పాట్రిక్‌గారు లీడ్స్ పట్టణమునకు పోయి వచ్చుచు కుమారునికొరకు పండ్రెండు కొయ్య సిపాయిలుగల పెట్టె యొకటి కొని తెచ్చిరి. రాత్రి ప్రొద్దుపోయి యిల్లు చేరుటచే పెట్టె బాలుని పడక ప్రక్కన నుంచబడెను. తెల్లవారగనే బ్రాన్వెల్ దానిని చేతబట్టుకొని అక్కచెల్లెండ్ర గదికి పరుగెత్తెను. షార్లెట్టు పడకనుండి దుమికి, సిపాయిలలో నెల్ల పొడుగును చక్కదనమును గల దానిని పట్టుకొని, వెల్లింగ్టన్ ప్రభువని దానికి పేరుపెట్టెను. శ్రీరంగపట్టణపు యుద్ధమున 1799 లో ఆర్థర్ వెల్లెస్లీ అను పేర మన దక్షిణదేశమున దండు నడిపి, పిదప 1815 లో వాటర్లూ యుద్ధమున నెపోలియనును ఓడించిన వీరుడే ఈ వెల్లింగ్టన్. బ్రాన్వెల్ పట్టుదలతో తన సిపాయికి బోనపార్టు అని పేరుపెట్టెను. ఎమిలీ సిపాయి ముఖము గంభీరముగా నుండుటచే దానికి అట్టి పేరే కుదిరెను. ఆరేండ్ల ఆన్‌కు, ఆమెవలెనే చిన్నదైన సిపాయి దొరికెను.

బొమ్మలతో ఆడని బిడ్డలు లేరు. అయితే ఈ నలుగురు చేసిన పని వేరు. పండ్రెండుగురు వీరులును ఓడనెక్కి ఆఫ్రికా పడమటి తీరమున దిగి, అచ్చటివారితో పోరాడి, గాజునగరమను మహాపట్టణమును కట్టినట్లు వారు కల్పించిరి. దానికి దేశపటము గీచిరి. రాజులు, మంత్రులు, కవులు, పుస్తకవర్తకులు, దొంగలు పుట్టిరి. శాసనసభ కూడెను, యుద్ధములు జరిగెను. నలుగురు బిడ్డలును నాలుగు మహాభూతములై ఆ లోకమును పాలించుచుండిరి. యుద్ధమున పడిన వీరుని మరల బ్రతికించు శక్తి ఆ భూతములకు గలదు. తల్లిని, ఇద్దరు అక్కలను సమాధికి సాగనంపిన బిడ్డలు, తాము కల్పించిన లోకమున చచ్చినవారిని లేపు అధికారమును తమకు తామే యిచ్చుకొనిరి. ఇది కేవలము కాలక్షేపమని త్రోసివేయుటకు మాకు మనసొప్పదు.

సిపాయిలు చదువుకొనవలెను గదా! వారికి తగిన కొలతలో పుస్తకములు కావలెను. 1829 లో బ్రాన్వెల్ ఒక పత్రికను మొదలిడగా, కొన్ని మాసములకు షార్లెట్టు దాని సంపాదకత్వమును వహించెను. తండ్రి చదువు ‘బ్లాక్‌వుడ్’ పత్రిక వారికి మాదిరి. కాగితము ప్రియము, కావున చిల్లరముక్కలను కత్తిరించి, అచ్చువలె కనబడు చీమతలలంత అక్షరములతో నింపి, చక్కెర పొట్లపు కాగితము మున్నగువాని నట్టలుగా జేసి సూదిదారముతో కుట్టిరి. 1830 లో షార్లెట్టు వ్రాసిన యొక సంచిక అగ్గిపెట్టెకన్న పెద్దది కాదు. అందులో నాలుగువేల మాటలకు పైగా నున్నవి. పెద్దలు భూతద్దము లేక దానిని చదువజాలరు. పెద్దల కన్నులకు దొరకని రాజ్యము పిల్లల కెంత ప్రియమో మా పాఠశాల బాలురకు వేరుగ చెప్పనక్కరలేదు.

1831 లో షార్లెట్టు రోహెడ్ అను చోట మార్గరెట్ వూలర్‌గారి పాఠశాలకు చదువ వెళ్లెను. అక్క లేనితరి ఎమిలీయు ఆన్‌యు విడివడి, ఉత్తర పసిఫిక్ సముద్రమున గోండాల్ అను ద్వీపమును సొంతముగ కల్పించుకొనిరి. 1834 లో షార్లెట్టును బ్రాన్వెల్లును గాజునగరమునకు తూర్పున ఆంగ్రియా అను క్రొత్తరాజ్యమును స్థాపించిరి. దానికి రాజు జామోర్నా ప్రభువు. అతడు షార్లెట్టు మానసపుత్రుడు. అతనికి మామయు శత్రువును నైన నార్తాంగర్లాండు బ్రాన్వెల్ కల్పించినవాడు. అక్క ప్రేమకథలు వ్రాయును. తమ్ముడు యుద్ధములను, రాజకీయ కుట్రలను నడుపును. ఒకరు వ్రాసినది మరియొకరి కథను మార్చుచుండెను.

ఇంతవరకు ఆట వలన లాభమే చూచితిమి. ఇక కష్టమును చెప్పవలెను. 1835 లో షార్లెట్టు రోహెడ్ పాఠశాలకే ఉపాధ్యాయినిగా తిరిగి వెళ్లెను. ఆమె జీతముచే చెల్లెలికి చదువు జరుగవలెను. ప్రొద్దున నుండి రాత్రివరకు వ్యాకరణము, లెక్కలు, కుట్టుపని. కాని పాఠము చెప్పుచుండగనే కిటికీ వెలుపల గాలి వీచినచో ఆంగ్రియా ఆమె కన్నులకు కట్టును. జామోర్నా ఎదుట నిలుచును. ఇంతలో శిష్యురాలొకతె ప్రశ్న వేయుటకు వచ్చినచో ఆమెకు పట్టరాని కోపము కలుగును. ఆ కోపమునకు తానే సిగ్గుపడును. తన మనస్సు కల్పితమూర్తులను పూజించుచున్నదను భయమామెను పీడించెను. ఈ సంగతులన్నియు ఆమె ఆ దినములలో వ్రాసికొన్న కాగితములవలన తెలియుచున్నవి. 1836 కడపట ఆస్థానకవియైన రాబర్టు సదీగారికి తన పద్యములను పంపి సలహా కోరగా, మరుసటి మార్చి మాసమున ఆయన, పగటికలలలో మునుగుట మనస్సునకు కీడనియు, సాహిత్యము స్త్రీకి వృత్తి కాగూడదనియు బదులు వ్రాసెను. రెండవ మాట తప్పని కాలమే తేల్చెను. మొదటి మాటలో కొంత నిజము లేకపోలేదని షార్లెట్టునకు లోలోపల తెలియును.

సుమారు 1839 లో, తన యిరువదిమూడవ యేట, ఆమె ఒక చిన్న కాగితముపై ఆంగ్రియాకు వీడ్కోలు వ్రాసెను. ఎండలు మండు ఆ దేశమును విడిచి, మబ్బు క్రమ్మిన చల్లని యుదయముగల సామాన్య భూమికి పోవలెనని ఆమె నిశ్చయించుకొనెను. చిరకాల పరిచయముగల ముఖములను విడిచి పరదేశమున ఒంటరిగ నిలిచినట్లు తోచినదని కూడ ఒప్పుకొనెను. బొమ్మలను పెట్టెలో సర్దుట సులభము. వానితో పెరిగిన మనస్సును సర్దుట సులభము కాదు.

తమ్ముని గతి వేరయ్యెను. బ్రాన్వెల్ చురుకైనవాడు, కవిత్వము, చిత్రలేఖనము రెండును నేర్చినవాడు. చిత్రకారుడై నిలువలేకపోయెను. రైలు కంపెనీ గుమాస్తా కొలువు 1842 లో పోయెను. ఇంటి యుపాధ్యాయుడుగా నున్న కొలువు 1845 లో పోయెను. పిదప త్రాగుడును నల్లమందును అతనిని పట్టుకొనెను. 1841 నుండి పత్రికలలో అచ్చైన పద్యముల క్రింద అతడు పెట్టుకొన్న పేరు నార్తాంగర్లాండు. పెట్టెతెచ్చిన యింటిలోనే 1848 సెప్టెంబరు 24 న, ముప్పదియొకటవ యేట, అతడు మరణించెను. అతనిని ఆటయే చెరిపినదని చెప్పుట అన్యాయము. ఆటయందు దొరకిన రాజ్యము లోకమునందు దొరకక అతడు క్రుంగెనని మాత్రము చెప్పవచ్చును.

అట్లని కల్పితలోకమును విడువనివారెల్ల చెడిరని తలపరాదు. 1845 వేసవిలో ఎమిలీయు ఆన్‌యు యార్కు పట్టణమునకు రైలు ప్రయాణము చేసిరి. ఒకతెకు దాదాపు ఇరువదియేడేండ్లు, రెండవదానికి ఇరువదియైదు. దారిపొడుగునను వారు గోండాల్ రాజకుమారులు, రాజకుమార్తెలై, చెరనుండి తప్పించుకొని సైన్యమును కలిసికొనబోవు కథ నభినయించుచు పోయిరి. ఆ ఎమిలీయే రొట్టె కాల్చుటలోను, ఇల్లు దిద్దుటలోను ఎవరికిని తీసిపోనిది. ఆమెయే ‘వుదరింగ్ హైట్స్’ అను మహానవలను వ్రాసినది.

1845 శరత్తులో షార్లెట్టు ఎమిలీ పద్యములను కనుగొనెను. 1846 లో మువ్వురును కర్రర్, ఎల్లిస్, ఆక్టన్ బెల్ అను మారుపేర్లతో పద్యసంపుటమును ప్రకటించిరి. రెండు ప్రతులే అమ్ముడుపోయెను. షార్లెట్టు వ్రాసిన తొలి నవలను ప్రచురణకర్తలు పలువురు త్రిప్పి పంపిరి. ఆమె ధైర్యము విడువలేదు. 1847 అక్టోబరు మాసమున ‘జేన్ ఐర్’ వెలువడి దేశమంతట పేరు తెచ్చెను. కౌవన్ బ్రిడ్జి పాఠశాలయు, అచ్చట రోగము తగిలి చనిపోయిన అక్క మరియాయు అందు రూపము మార్చుకొని నిలిచిరి. 1830 నాటి ఆ చిన్న సంచికలో పిచ్చియెత్తిన హంతకుడొకడు, పడక తెరలకు నిప్పంటుకొను ఘట్టము కలదు. జేన్ ఐర్ చదివినవారికి అది ఏ ఘట్టమునకు విత్తనమో తెలియకపోదు. సిపాయిలకై వ్రాసిన పదునాలుగేండ్ల బాలిక చేయి, పదునేడేండ్ల తరువాత లోకమునకై వ్రాసెను.

కీర్తి వెంటనే దుఃఖము వచ్చెను. బ్రాన్వెల్ పోయిన మూడు మాసములు నిండకమునుపే, 1848 డిశంబరు 19 న ఎమిలీ పోయెను. 1849 మే 28 న స్కార్బరో సముద్రతీరమున ఆన్ పోయెను. నాలుగు మహాభూతములలో మువ్వురు కడతేరిరి. మరల లేపు మంత్రము ఈ లోకమున లేదు. సగము వ్రాసిన ‘షర్లీ’ నవలను షార్లెట్టు ఒంటరిగా ముగించెను. 1850 జూన్ మాసమున ఆమె లండను వెళ్లినప్పుడు, రాచనగరు దేవాలయమున ఎనుబదియొకటవ యేట నున్న నిజమైన వెల్లింగ్టన్ ప్రభువును కన్నులార చూచెను. ఇరువదినాలుగేండ్ల క్రిందట పడకనుండి దుమికి పట్టుకొన్న కొయ్యసిపాయి ఆ క్షణమున జ్ఞప్తికి రాకుండునా?

1853 లో ‘విలెట్’ వెలువడెను. 1854 జూన్ 29 న తండ్రికి సహాయకుడైన ఆర్థర్ బెల్ నికల్స్‌గారిని ఆమె వివాహమాడెను. తొమ్మిది మాసముల కాపురము సుఖముగ గడచెను. 1855 మార్చి 31 న, ముప్పదితొమ్మిదేండ్లు నిండకయే, ఆమె కాలముచేసెను. ఆర్గురు బిడ్డలను పంపివేసిన ముదుసలి తండ్రి 1861 వరకు జీవించెను. ఆ గురుగృహము 1928 నుండి వస్తుప్రదర్శనశాలయై యున్నది. 2019 లో పారిసు నగరమున జరిగిన వేలములో పైన చెప్పిన అగ్గిపెట్టె పుస్తకమును బ్రాంటీ సంఘమువారు ఆరులక్షల యూరోలకు కొని హావర్త్‌నకు తెచ్చిరి.

తలిదండ్రులారా! పాట్రిక్‌గారు ఒక పెట్టె తెచ్చిరి. తెచ్చునాడు దానిలోనుండి ఏమి పుట్టునో ఆయన ఎరుగరు. ఒకే పెట్టె అక్కకు అక్షరాభ్యాసమయ్యెను. తమ్మునికి దాగుకొను చోటయ్యెను. బాలబాలికలారా! మీ బల్లమీది రాజ్యమును తప్పక యేలుడు. కాని పెట్టె మూసిన పిదప మీ చేతికి మిగులునది యేమో అప్పుడప్పుడు చూచుకొనుడు. షార్లెట్టు చేతికి కలము మిగిలినది.