ఒంగోలు క్లౌ దొర: కరవునాటి కాలువ

కరవునాఁ డన్నము పెట్టువాఁడు దాత. పని చూపి, కూలి చేతికిచ్చి, ఆఁకలిగొన్నవాని మానమునుగూడఁ గాపాడువాఁడు దాతకంటె నధికుఁడని మా యభిప్రాయము. ఒంగోలు సీమలో నట్టి కార్యము చేసిన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి చరిత్రమును మా చదువరులకు జ్ఞప్తి చేయ నెంచితిమి.

ఆయన 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. యౌవనమున భూమి కొలుచు సర్వే పనిలో నుండి, పిదప విద్య ముగించి, బాప్టిస్టు మిషనువారి పక్షమున 1865లో మన దేశమునకు వచ్చెను. నెల్లూరిలోఁ గొంతకాలముండి 1866లో ఒంగోలు చేరెను. 1867 జనవరి 1వ తేదీన ఎనమండుగురితో నచ్చట సంఘ మేర్పడెను. పెద్ద కులములవారు తొలుత నాయన నాదరించి బడికిఁ బిల్లలను బంపిరి. యెఱ్ఱగుంట్ల పేరయ్య మొదలగు మాదిగవారు సంఘమునఁ జేరఁగా వా రెడముగాఁ దొలఁగిరి. దొర పెద్దల ప్రాపును వదలుకొని పేదలనే నిలుపుకొనెను.

ఆదివారము పనికి రామనియు, జాతరలలో డప్పు కొట్టమనియు మాదిగవారు చెప్పఁగా గ్రామములలోఁ గలఁతలు పుట్టెను. తోలు బొక్కెన కుట్టువాఁడు లేక మోట సాగదు. మోట సాగనిదే వానికిఁ గూడు లేదు. ఒకరినొకరు విడువలేని యీ యిరువురిలో నొకనిమాట కే విలువయు లేకుండుటయే యా కలఁతలకు మూలమని మా తలంపు.

1876లో వానలు తప్పి ధాత కరవు దాపురించెను. చెన్నపురి రాజధానిలో లక్షలాది జనము నశించెను. సర్కారువారు బకింగుహాము కాలువ త్రవ్వించి కూలి యిప్పించుచుండిరి. మేస్త్రీల చేతిలోఁ దక్కువ కులములవారు పడు బాధలు చూచి, క్లౌ దొర మూఁడు మైళ్లకుఁ బైఁబడిన కాలువపనిని తానే గుత్తకుఁ దీసికొనెను. నాఁడు నేర్చిన కొలతవిద్య నేఁ డక్కఱకు వచ్చెను. సంఘబోధకులే మేస్త్రీలైరి. గుడిసెలు వేయించి, వేలకొలఁది జనులకుఁ బని కల్పించి, సర్కారు రేటున కూలి చెల్లించెను.

అన్నమునకై మతము మార్చిరను నింద యానాఁడే కలదు. అది సహజమైన సందేహమే. దొరకును నా సందేహము లేకపోలేదు. కావుననే కరవు తీవ్రముగా నున్న పదునైదు నెలలకాలము, ఎందఱు కోరినను, ఆయన బాప్తిస్మ మీయలేదు. పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున, వెలుంపిల్లి చెంత, ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ నిరీక్షణము సందేహమును బూర్తిగాఁ దీర్చెనని మేమనము. ఆఁకలిని వలగాఁ బన్నరాదను నియమము నాయన పాటించెనని మాత్ర మొప్పుకొనక తప్పదు.

ఆయన 1910లో అమెరికాలో కాలము చేసెను. ఒంగోలులోని క్లౌ స్మారక వైద్యశాల యాయన పేరు నిలిపినది.

మతవిషయమున మన మాయనతో నేకీభవింపనక్కఱలేదు. అయినను, ఆ కాలువ త్రవ్వినవారు మన పొలములలోఁ దరతరములుగాఁ బని చేసినవారే. వారి కష్టకాలమున వారి చెంత నిలుచుటకు సముద్రములు దాఁటి యొకఁడు రావలసివచ్చెను. గ్రామపెద్దలు ముందుగా నడిగికొనవలసినది ఆయన యేల వచ్చెనని కాదు, తా మేల పోలేదని.