కలుపు మొక్కల్లో కూరలు చూసిన మాస్టారు

జార్జ్ వాషింగ్టన్ కార్వర్ గురించి పిల్లల జీకే పుస్తకాల్లో సాధారణంగా ఒక్క లైనే ఉంటుంది: వేరుశెనగ శాస్త్రవేత్త. పీనట్ బటర్ కనిపెట్టింది ఆయనే అని కొన్నిచోట్ల రాస్తారు కానీ అది నిజం కాదు. నాకైతే వేరుశెనగ కన్నా ఆయన తెల్లవారుజామున మొక్కల కోసం చేసిన నడకలే ఎక్కువ ఇష్టం.

1864 ప్రాంతంలో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఒక బానిస తల్లికి పుట్టారు. ఆ తేదీని ఎవరూ రాసిపెట్టలేదు. పసిబిడ్డగా ఉన్నప్పుడే ఒక దొంగల ముఠా తల్లీబిడ్డలను ఎత్తుకుపోయింది. బిడ్డ ఒక్కడే తిరిగి దొరికాడు, తల్లి జాడ మళ్ళీ తెలియలేదు. తరచూ జబ్బుపడే పిల్లవాడు కావడంతో పొలం పనికి పంపలేదు. ఇంటి పనిలో సాయం చేసి, మిగతా సమయమంతా అడవిలో మొక్కల మధ్య గడిపేవాడు. వాడిపోతున్న మొక్కలను బతికిస్తున్నాడని చుట్టుపక్కలవాళ్ళు మొక్కల డాక్టర్ అని పిలిచేవారు.

దగ్గర్లోని బడి నల్లజాతి పిల్లలను చేర్చుకోలేదు. నియోషో పట్టణానికి వెళ్ళి, మరయా వాట్కిన్స్ అనే మంత్రసాని ఇంట్లో పనులు చేస్తూ చదువుకున్నారు. ఆకుల గుణాలు ఆమెకు బాగా తెలుసు. తర్వాత కాన్సస్‌లోని ఒక కాలేజీ ఉత్తరంలో సీటిచ్చి, మనిషిని చూశాక రంగు కారణంగా వెనక్కి పంపేసింది. చివరికి అయోవా వ్యవసాయ కాలేజీలో 1894లో డిగ్రీ, 1896లో మాస్టర్స్ పూర్తిచేశారు.

అక్కడ ఉన్నప్పుడే ఒక అధ్యాపకుడి చిన్న కొడుకు హెన్రీ వాలెస్‌ను వెంటబెట్టుకుని మొక్కలు చూపించేవారు. ఆ బుడతడే పెద్దయ్యాక హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాల కంపెనీ పెట్టాడు, ఆ దేశ ఉపాధ్యక్షుడు కూడా అయ్యాడు. నేచర్ వాక్‌కు మార్కులుంటాయా అని అడిగే పేరెంట్స్‌కు నేను ఈ సంగతే చెబుతుంటాను!

1896లో అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థలో చేరి, చివరిదాకా అక్కడే పనిచేశారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎక్కువగా అప్పుల్లో కూరుకుపోయిన కౌలు రైతులు. గుమ్మం దాకా పత్తే. ఇంట్లో తిండి అంటే పంది కొవ్వు, మొక్కజొన్న పిండి, బెల్లపు పాకం. కూరగాయలు కొనే స్తోమత లేదు. అదే పొలం గట్టు మీద తినదగిన ఆకులు మొలుస్తుంటే కలుపని పీకి పారేసేవారు. కార్వర్ వాటిని ఏరి, వండి, రుచి చూపించారు. 1906లో ఒక బండినే బడిగా మార్చి పల్లెలకు పంపారు. రైతులకు అర్థమయ్యే భాషలో చిన్న చిన్న పుస్తకాలు రాశారు.

1942లో, యుద్ధకాలంలో, అడవి కూరల మీద ఒక పుస్తకం వేశారు. ఏ మొక్కను ఎలా వండాలో అందులో ఉంది. అందులో ఒకటి మనం చక్రవర్తి కూర అనే మొక్క. మన అమ్మమ్మలకు గంగవాయిల కూర, పొన్నగంటి కూర ఎలాగో, ఆయనకు అవి అలా. (పిల్లలు మాత్రం తెలిసిన పెద్దవాళ్ళు చూసి సరే అననిదే ఏ ఆకూ నోట్లో పెట్టకూడదు. విషపు మొక్కలు కూడా చూడ్డానికి అలాగే ఉంటాయి.)

అప్పటికి ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళ దాకా ఉంటాయి. 1943 జనవరి 5న టస్కీగీలోనే కన్నుమూశారు. దాచుకున్న డబ్బంతా అక్కడి పరిశోధనల కోసం ఇచ్చేశారు.