వాద్యశిల్పి అడాల్ఫ్ సాక్స్

విజయవాడ మొదలుకొని మచిలీపట్నము వరకు గల కృష్ణా డెల్టా గ్రామములలో పెండ్లి ఊరేగింపు బయలుదేరినచో ముందుగా వినవచ్చునది మేళము. సన్నాయి, డోలు తరతరములుగా మనవి. వాటి సరసన క్లారినెట్, ట్రంపెట్, సాక్సోఫోను మున్నగు వాద్యములతో కూడిన బ్యాండు మేళము కూడ చాలకాలముగా మన ఉత్సవములలో చోటు సంపాదించుకొన్నది. వాయించువారి నేర్పును అందరును మెచ్చుకొందురు. కాని సొట్టపడిన గొట్టమును సరిచేసి, వదులైన మీటను బిగించి, మూగవోయిన వాద్యమునకు మరల గొంతునిచ్చు పనివానిని తలచువారు అరుదు. అట్టి పనివారి నడుమ పుట్టి, వారి పనిముట్లతోనే లోకమునకొక క్రొత్త వాద్యమును ప్రసాదించిన వాడు అడాల్ఫ్ సాక్స్.

అతడు 1814 నవంబరు 6వ తేదీన, నేటి బెల్జియం దేశమందలి డినాంట్ పట్టణమున జన్మించెను. మన గోదావరి సీమలో అజ్జరము ఇత్తడి పాత్రలకు పేరుపొందినట్లే, మ్యూజ్ నదీతీరమున నున్న ఆ పట్టణము మధ్యయుగముల నుండియు రాగి, ఇత్తడి సామానులకు ప్రసిద్ధి కెక్కినది. తండ్రి షార్ల్ జోసెఫ్ సాక్స్ మొదట వడ్రంగము చేసెడివాడు. పిమ్మట స్వయంకృషితో వాద్యములు చేయుట నేర్చి, బ్రస్సెల్స్ నగరమున కర్మాగారమును నెలకొల్పెను.

బాల్యమున అడాల్ఫ్ పాలబడిన ఆపదలు ఇన్నిన్ని కావు. ఎత్తైన చోటినుండి పడగా తల రాతికి తగిలెను, పాలనుకొని ఆమ్లము కలిసిన నీటిని త్రాగెను, గుండుసూదిని మ్రింగెను, మందుగుండు ప్రేలి ఒడలు కాలెను, ఒకమారు నదిలో పడి కొట్టుకొనిపోయెను. ఈ బాలుడు బ్రతికి బట్టకట్టడని కన్నతల్లియే నిరాశ చెందెనని చెప్పుదురు. అయినను అతడు ప్రతిసారియు గండము గడచి లేచి నిలిచెను.

తండ్రి కర్మాగారమే అతనికి తొలి పాఠశాల. అచట చెక్కను తొలచుట, ఇత్తడి రేకును గొట్టముగా మలచుట, అతుకులకు టంకము పోయుట నేర్చెను. సంగీత పాఠశాలలో వేణువును, క్లారినెట్‌ను అభ్యసించెను. ఇట్లు చేయువాని చేయియు, వాయించువాని చెవియు అతనియందు ఒకచోట చేరినవి. పదునైదవ యేటనే తాను చేసిన రెండు వేణువులను, ఒక క్లారినెట్‌ను పోటీకి పంపెను. ఇరువదినాలుగవ యేట బాస్ క్లారినెట్ అను మంద్రస్థాయి వాద్యమునందలి లోపములను సవరించి, దానికి పేటెంటు హక్కును పొందెను.

లోపములను సవరించుచుండగా అతనికొక గొప్ప యోచన కలిగెను. నాటి బ్యాండులలో ఇత్తడి కొమ్ములు బిగ్గరగా మ్రోగెడివి. చెక్క వాద్యములు మృదువుగా పలికెడివి. ఆరుబయట కొమ్ముల హోరులో మృదుస్వరములు మునిగిపోవుచుండెను. ఈ రెంటి గుణములను కలుపు వాద్యము ఉండరాదా అని అతడు తలచెను. కొన నుండి క్రమముగా వెడల్పగు ఇత్తడి గొట్టమునకు క్లారినెట్ వలె ఒంటి రెల్లుబద్దను అమర్చెను. షడ్జమమును పట్టిన వ్రేళ్లతోనే పై స్థాయికి పోయినచో క్లారినెట్ పంచమమును పలుకును. సాక్స్ నిర్మించిన వాద్యము షడ్జమమునే పలుకును. అందువలన దానిని నేర్చుట సులభమాయెను. సృష్టికర్త పేరిట దానికి సాక్సోఫోను అను పేరు వచ్చెను. అది ఇత్తడితో చేసినదైనను నాదము రెల్లుబద్దనుండి పుట్టుట చేత, దానిని చెక్క వాద్యముల కుటుంబమునందే చేర్చుదురు.

1842లో సాక్స్ పారిస్ నగరమునకు చేరెను. సంగీతకర్తయైన బెర్లియోజ్ అతని ప్రతిభను పత్రికలో ప్రశంసించెను. 1845 ఏప్రిల్‌లో షాన్ ద మార్స్ మైదానమున వేలకొలది జనుల యెదుట రెండు సైనిక బ్యాండులకు పోటీ జరిగెను. పాత వాద్యముల బ్యాండు ఒకటి. సాక్స్ వాద్యముల బ్యాండు మరియొకటి. వాద్యకారుల సంఖ్యలో తక్కువైనను సాక్స్ బ్యాండే జనుల మెప్పు పొందెను. ఫ్రెంచి సైన్యము అతని వాద్యములను స్వీకరించెను. 1846లో సాక్సోఫోనునకు పేటెంటు లభించెను.

కీర్తి వెంటనే అసూయయు వచ్చెను. ఇతర వాద్యనిర్మాతలు సంఘముగా ఏర్పడి, ఆ వాద్యములు క్రొత్తవి కావని న్యాయస్థానముల కెక్కిరి. వ్యాజ్యములు ఏండ్లకొలది సాగినవి. పెక్కింట సాక్స్ గెలిచెను. కాని గెలిచిన ధనము వ్యాజ్యములకే చాలకపోయెను. 1851లో లండన్ మహాప్రదర్శనమున పతకమును పొందినవాడు మరుసటి యేడే దివాలా తీసెను. 1853లో పెదవిపై కంతి పుట్టెను. ఊదుడు వాద్యములు చేయువానికి పెదవియే ఆయుధము. కొన్ని సంవత్సరములు బాధపడి, తుదకు స్వస్థుడాయెను.

రోగముతో పెనుగులాడుచునే అతడు 1857లో పారిస్ సంగీత కళాశాలయందు సాక్సోఫోనును బోధింప నారంభించెను. 1870లో యుద్ధము రాగా ఆ తరగతి ఆగిపోయెను. 1873లోను, 1877లోను మరల దివాలా ప్రాప్తించెను. తాను ప్రేమతో సేకరించిన నాలుగువందలకు పైగా వాద్యములు వేలములో చెల్లాచెదరైనవి. 1894 ఫిబ్రవరిలో, తన వాద్యము పొందబోవు విశ్వఖ్యాతిని చూడకయే, ఆ శిల్పి పేదరికమున కన్నుమూసెను.

ఆ పిమ్మట సాక్సోఫోను ఖండాంతరములకు వ్యాపించెను. అమెరికాలో జాజ్ సంగీతమునకు జీవమై నిలిచెను. మన దేశమునందు నాదస్వర కుటుంబమున పుట్టిన కద్రి గోపాల్‌నాథ్ దానిపై కర్ణాటక రాగములను పలికించి 2019లో కీర్తిశేషుడగు వరకు రసికులను అలరించెను. డెల్టా పల్లెల బ్యాండులోని సాక్సోఫోనును ఊదువానికి సాక్స్ పేరు తెలియకపోవచ్చును. అయినను వాద్యము పేరుతో పాటు అతని పేరును పలుకకతప్పదు.

ఈ వాద్యమున రంధ్రములను మూయు మీటలు ఇరువదికి పైబడి యుండును. ప్రతి మీట క్రింద తోలు మెత్త యుండును. వానకాలపు తేమకు ఒక మెత్త ఉబ్బినను, వెండ్రుకవాసి సందు ఏర్పడినను గాలి జారిపోవును. మంద్రస్వరములు పలుకనే పలుకవు. అపుడు మరమ్మతు పనివాడు గొట్టములోనికి దీపమును దింపి వెలుగు ఎచట కారుచున్నదో వెదకును. సన్నని కాగితపు ముక్కను మెత్త క్రింద నుంచి, మెల్లగా లాగి దాని పట్టును పరీక్షించును. ఉక్కు కమ్మీపై గొట్టమును నిలిపి, సొట్టను కొద్దికొద్దిగా ఎత్తును. తొందరపడినచో రేకు చిట్లును. ఉపేక్షించినచో శ్రుతి చెడును.

సాక్స్ గొప్పతనము ఈ ఓర్పునుండియే పుట్టినది. లోపమును చూచి విసుగుకొనక, దాని కారణమును వెదకుటయే అతని విద్య. వ్యాజ్యములు అతని సంపదను హరించినవి గాని చేతిపనియందలి నిజాయితీని హరింపజాలకపోయినవి. సభలో చప్పట్లు వాద్యకారునికి దక్కుట న్యాయమే. కాని ఆ నాదము వెనుక మౌనముగా పనిచేసిన చేతులును గౌరవింపదగినవే యని ఈ వాద్యశిల్పి జీవితము మనకు బోధించుచున్నది.