ఖడ్గపరీక్షకుడు కోయెత్సు

రత్నాలకు రత్నపరీక్ష ఉన్నట్లే కత్తులకు ఖడ్గపరీక్ష అనే విద్య పూర్వం ఉండేది. మన వరాహమిహిరుడు బృహత్సంహితలో ఖడ్గలక్షణానికి ఒక అధ్యాయమే కేటాయించినాడు. జపాను దేశంలో ఈ విద్య హోనామి అనే ఇంటివారికి తరతరాలుగా కులవృత్తి అయినది. ఆ ఇంట పుట్టి, కత్తిని చూచిన కంటితోనే అక్షరాన్నీ, లక్కనూ, మట్టినీ చూచిన మహాకళాకారుడు కోయెత్సు.

ఆయన 1558లో క్యోటో నగరంలో జన్మించినాడు. హోనామి వారు చేసే పనులు మూడు: కత్తికి సానపట్టడం, తుడిచి మెరుగుపెట్టడం, అది ఎవరి చేతిపనియో, ఎంత విలువ చేస్తుందో నిర్ణయించడం. తండ్రి కోజీ ఆ ఇంటికి దత్తుడై వచ్చి, ఇంటి ఆడపడుచు మ్యోషూను వివాహమాడినాడు. పిమ్మట ఇంటి పెద్దకు కుమారుడు కలుగగా కోజీ వేరింట కాపురం పెట్టినాడు.

ప్రభువుల ఖడ్గాలతో పని గనుక ఈ వృత్తిలో మాటే పెట్టుబడి. ఆ మాటపై మచ్చపడితే ప్రాణానికే ముప్పు. ఒకప్పుడు ఒదా నొబునగా ప్రభువు కొండెములు విని కోజీపై ఆగ్రహించినాడట. వేటకు వెళ్లుతున్న ప్రభువు గుర్రానికి మ్యోషూ అడ్డుపడి, తన భర్త నిర్దోషి అని మొరపెట్టుకొన్నదని ఆ కుటుంబ వృత్తాంతం చెబుతున్నది. అట్టి తల్లి ఒడిలో కోయెత్సు పెరిగినాడు.

ఇంతకూ కత్తిని పరీక్షించడం ఎట్లా? ముందుగా అందమైన ఒరను, పిడిని, చేతికి అడ్డుగా ఉండే చిత్రాల బిళ్లను తొలగించాలి. వాటికి వేరే విలువ ఉన్నది. కాని అవి కత్తిని గురించి సాక్ష్యం చెప్పవు. తరువాత అలుగు వంపు చూడాలి. పలుమార్లు మడిచి సాగగొట్టిన ఉక్కులో కొయ్యచారలవలె కనిపించే అల్లికను చూడాలి. కమ్మరి అలుగుకు బంకమట్టి పూసి, ఎర్రగా కాల్చి నీట ముంచుతాడు. అప్పుడు వాదర వెంట అలవంటి తెల్లని రేఖ ఏర్పడుతుంది. మట్టి పూయడం కమ్మరి చేతిలో ఉన్నది. తుది రూపం అగ్నీ జలమూ కలిసి ఇచ్చేది. చివరకు పిడిలో ఇమిడే భాగాన్ని చూడాలి. అక్కడి తుప్పు కత్తి వయస్సు చెబుతుంది; అందుచేత దానిని ఎన్నడూ తోమరాదు.

కమ్మరి పేరు చెక్కి ఉండేదీ అక్కడనే. కాని దొంగపేర్లు చెక్కేవారు ఆనాడూ ఉన్నారు. నిడుపైన ప్రాచీన ఖడ్గాలను తరువాతివారు అడుగు నరికి పొట్టి చేయగా నిజమైన పేర్లు ఎన్నో పోయినవి. అట్టివాటికి పరీక్షకుని చూపే ప్రమాణం. హోనామి ప్రధాన శాఖవారు తమ నిర్ణయాన్ని మడిచిన కాగితంపై వ్రాసి యిచ్చేవారు. కొన్ని కత్తులపై బంగారంతో పొదిగించేవారు.

ఈ శిక్షణ పొందిన కన్ను కత్తుల వద్దనే ఆగలేదు. కోయెత్సు తన కాలపు ముగ్గురు ఉత్తమ లేఖకులలో ఒకడైనాడు. సోతత్సు బంగారు వెండి వర్ణాలతో చిత్రించిన క్రౌంచపక్షుల బారుపై ఆయన ప్రాచీన పద్యాలను వ్రాసినాడు. ఆయన పేర నిలిచిన లక్కపని పెట్టె ఒకటి టోక్యో జాతీయ ప్రదర్శనశాలలో ఉన్నది. సిరాసామగ్రి దాచుకొనే ఆ పెట్టె మూతపై ఒక పద్యం ఉన్నది. అందులో పడవల వంతెన అనే మాట మాత్రం లేదు. మూతకు అడ్డంగా అమర్చిన సీసపు పట్టీయే ఆ వంతెన! చూపరి కంటితో ఆ మాటను పూరించుకోవాలి.

1615లో తొకుగావా ఇయెయసు ఆయనకు క్యోటోకు ఉత్తరాన తకగమినే అనే చోట భూమి యిచ్చినాడు. బంధువులతో, శిల్పులతో ఆయన అక్కడ నివాసమేర్పరచుకొని తేనీటి పాత్రలు చేతితో మలచినాడు. వాటిలో ఒకదాని క్రింది సగం కొలిమిలో అనుకోకుండా నల్లబడినది. మరొకరైతే పారవేసేవారేమో! కోయెత్సు ఆ నలుపుపై నిలిచిన తెలుపులో మంచుకప్పిన ఫూజీ పర్వతాన్ని చూచి, ఆ పేరే పెట్టె మూతపై వ్రాసినాడు. అది నేడు జపాను జాతీయ నిధి. ఉక్కుపై అగ్ని వ్రాసిన గీతను చదవ నేర్చినవాడు మట్టిపై అగ్ని చేసిన పనిని పోల్చుకొనడంలో ఆశ్చర్యమేమున్నది?

1637లో ఆయన మరణించినాడు. సమాధి తకగమినేలోనే, ఆయన పేరు వహించిన ఆలయంలో ఉన్నది.

కోయెత్సు కత్తిని తయారుచేసినవాడు కాడు. పరుల పనిని ఓర్పుతో చూచినవాడు. ఒరను చూచి కత్తిని మెచ్చుకొనకుండుట, చెక్కిన పేరును చూచి తీర్పు చెప్పకుండుట ఆ విద్యకు తొలిపాఠాలు. గ్రంథాన్ని చదివే విద్యార్థికి, విద్యార్థిని చదివే ఉపాధ్యాయునికి అంతకంటె వేరే పాఠం కావలెనా?