కార్బెట్ జోడు తుపాకులు

పగిలిన తుపాకిని పసివాని చేతికి ఇవ్వడం పెద్దలు చేయదగిన పని కాదు. కాని నైనితాల్ కొండల సీమలో, 1880 తరువాతి సంవత్సరాలలో, స్టీఫెన్ డీజ్ అనే పెద్దమనిషి ఆ పనే చేసినాడు. ఆయన అప్పుడు కుమాయూన్ ప్రాంతపు పక్షులను గురించి ఒక గ్రంథం సిద్ధపరుస్తుండేవాడు. అందులోని 480 రంగుల చిత్రాలలో అధికభాగానికి ఆధారమైన పక్షులను సమకూర్చినవాడు ఆయనకు బంధువైన ఒక బాలుడు. ఉండేలుతో గురి తప్పకుండా కొట్టగల ఆ బాలునికి డీజ్ ఇచ్చిన బహుమానం ఒక జోడు గొట్టాల తుపాకి. మూతి వైపునుండి మందు కూరి కాల్చే పాతకాలపు తుపాకి అది. ఎవరో మోతాదు మించి మందు కూరి కాల్చినందున దాని కుడి గొట్టం చీలిపోయింది. ఆ దెబ్బకే కర్రమడమ కూడా విరిగింది. గొట్టాలను, మడమను ఇత్తడి తీగెతో చుట్టి కలిపి ఉంచినారు. రెండు గొట్టాలున్నా పనికివచ్చేది ఎడమది ఒక్కటే.

ఆ బాలుడే ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్. లోకం ఆయనను జిమ్ కార్బెట్ అని పిలిచింది. 1875 జులై 25న నైనితాల్‌లో జన్మించినాడు. తండ్రి క్రిస్టఫర్ ఆ ఊరి పోస్టుమాస్టరు. జిమ్‌కు ఆరేండ్లు నిండకముందే, 1881లో, తండ్రి మరణించినాడు. పెద్ద సంసారాన్ని తల్లి మేరీ జేన్ నెట్టుకువచ్చింది. వేసవి అంతా నైనితాల్‌లో, చలికాలం కొండల క్రింద కాలాధుంగి గ్రామంలో ఆ కుటుంబం నివసించేది. కాలాధుంగి ఇంటి గడప దాటితే అడవి. అలాంటి ఇంటి పిల్లవానికి కొత్త తుపాకి కొని ఇచ్చే స్తోమత ఆ వితంతువుకు ఎక్కడిది? తీగె చుట్టిన తుపాకే అతనికి మహాభాగ్యమైనది.

ఆ భాగ్యాన్ని మొదట మెచ్చుకొన్నవాడు కున్వర్‌సింగ్. చాందినీ చౌక్ అనే పల్లెకు పెద్ద. ప్రభుత్వపు అడవిలో దొంగచాటుగా వేటాడడంలో ఆ ప్రాంతంలో అతనికి సాటి లేదు. పోయిన గొట్టాన్ని తలచి విచారించవద్దనీ, ఉన్న గొట్టం గట్టిదనీ అతడు పిల్లవానికి ధైర్యం చెప్పినాడు. అడవిలో ఎట్లా నడవాలో, ఏ అరుపు ఏ జంతువుదో, దారి తప్పితే ఏం చేయాలో నేర్పినవారిలో అతడు ముఖ్యుడు. దొరల బిడ్డకు దొంగవేటగాడు గురువు కావడం వింతగా తోచవచ్చు. కాని అడవి చదువుకు అర్హులైన ఉపాధ్యాయులు అటువంటివారే.

మూతినుండి కూరే తుపాకితో వేటాడడమంటే ఏమిటో ఈనాటి చదువరులకు కొంత చెప్పవలసి ఉన్నది. మొదట కొలిచిన మందు గొట్టంలో పోయాలి. పైన కాగితమో పీచో కూరి కడ్డీతో దట్టించాలి. తరువాత సీసపు చిన్న గుండ్లు పోసి, అవి జారిపోకుండా మళ్లీ పీచు కూరాలి. చివరకు చమురు అంటని, తడి తగలని టోపీని వెనుక రంధ్రంపై అమర్చాలి. ఇదంతా అయ్యేసరికి అడవికోడి కాదుగదా, అలికిడికి ఎగిరిన నెమలి కూడా కనుచూపు మేర దాటిపోతుంది. కనుక గురి కుదిరేదాకా కాల్చకూడదు. మందు మోతాదు మించితే ఏమవుతుందో చీలిన కుడి గొట్టం ప్రతిదినం కళ్లకు చూపుతూ ఉండేది. రెండో దెబ్బ లేనివాడు మొదటి దెబ్బకు ఎంత విలువ ఇస్తాడో కార్బెట్ బాల్యంలోనే తెలుసుకొన్నాడు.

పదేండ్ల వయసు ప్రాంతంలో నైనితాల్ వాలంటీరు దళంలో బాలసైనికుడుగా చేరినాడు. ఒకనాడు గొప్ప సేనాధికారి ఒకడు బాలుర గురిని పరీక్షించడానికి వచ్చినాడు. జిమ్ తడబడుతూ ఉంటే ఆ అధికారి స్వయంగా దగ్గరకు వచ్చి, తుపాకి వెనుక ఉన్న గురిపలకను సరిదిద్ది, తొందరపడవద్దని చెప్పినాడు. తరువాతి కాలంలో ఫీల్డ్ మార్షల్ అయిన రాబర్ట్స్ ఆయన. ఆ తరువాత జిమ్‌కు దళంవారి మార్టినీ రైఫిలు ఒకటి ఎరవుగా లభించింది. ఒక తూటా మాత్రమే పట్టే తుపాకి అది. భుజాన్ని గుద్దే గుద్దుకు పెద్దవారే జంకేవారు. దానితోనే అతడు తన మొదటి చిరుతపులిని కొట్టినాడు. గాయపడిన చిరుత అతని మీదుగా దూకిపోతుంటే దాని నెత్తురు అతనిపై చిందింది.

చదువు ఎక్కువకాలం సాగలేదు. యౌవనారంభంలోనే రైల్వే ఉద్యోగం. మొదట మానక్‌పూర్‌లో కట్టెల ఇనస్పెక్టరు. జీతం నెలకు 100 రూపాయలు. పిమ్మట గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో సరుకులను ఒక రైలునుండి మరొక రైలుకు మార్పించే కంట్రాక్టు పని. అక్కడే ఇరవై యేండ్లకు పైగా గడచినవి. కూలీలతో కలిసి తానూ బొగ్గు ఎత్తినాడు. పులివేటలన్నీ ఆ పనిలో దొరికిన సెలవులలో జరిగినవి.

1907లో చంపావత్ పిలుపు వచ్చింది. నేపాలులో 200 మందిని చంపి, అక్కడి ఆయుధపాణులు తరిమితే సరిహద్దు దాటి కుమాయూన్ చేరిన ఆడపులి అది. నాలుగేండ్లలో ఇక్కడ కూడా అంతకు మించి చంపింది. మొత్తం 436 ప్రాణాలని ప్రభుత్వపు లెక్క. కార్బెట్ రెండు షరతులు పెట్టినాడు. పులిపై ప్రకటించిన బహుమానాలు రద్దు చేయాలి. అడవిలో తిరుగుతున్న ఇతర వేటగాండ్రను, సైనికులను వెనుకకు పిలవాలి. డబ్బుకై వేటాడేవాడన్న పేరు ఆయనకు అక్కరలేదు. పొదల చాటున ఎవరి తుపాకి దెబ్బకో తాను బలికావడం అంతకంటె అక్కరలేదు.

ఆయన చేతిలో ఉన్నది జోడు గొట్టాల .500 రైఫిలు. నల్లమందు కాలపు కొలతది. నల్లమందు పేలితే పొగ తెరవలె కమ్మి, మృగం పడిందో పరుగెత్తిందో కనిపించదు. కార్డైట్ అనే పొగలేని మందు వచ్చిన తరువాత అటువంటి పాత కొలత తుపాకులకు సరిపోయేటట్లు తగ్గించిన మోతాదుతో తూటాలు తయారుచేసినారు. కొత్త రైఫిలు కొనలేని వేటగాండ్రకు అది గొప్ప మేలు. పాత ఆయుధం పారవేయనక్కరలేదు. తగిన తూటా దొరికితే చాలు.

ఆ తగిన తూటా అనే మాటలోనే జోడు రైఫిలు రహస్యమంతా ఉన్నది. పక్కపక్కన ఉన్న రెండు గొట్టాలను సమాంతరంగా అతికితే రెండు గుండ్లూ ఒకచోట పడవు. కుడి గొట్టం పేలినపుడు తుపాకి కుడికీ పైకీ తిరుగుతుంది. ఎడమది పేలితే ఎడమకు. అందుచేత గొట్టాలను మూతి వద్ద కొంచెం దగ్గరకు వచ్చేటట్లు అమర్చుతారు. ఎంత దగ్గర అనేది లెక్కతో తేలదు. పనివాడు కాల్చి చూస్తాడు. గుండ్లు విడిపోతే మూతి వద్ద అతుకును వేడిచేసి కరగించి, నడిమి చీలను జరిపి, మళ్లీ అతికి, మళ్లీ కాలుస్తాడు. రెండు గుండ్లూ నిర్ణీతమైన దూరంలో చేరువగా పడేవరకు ఇదే పని. ఇంత శ్రమ పడవలసి ఉన్నందుననే జోడు రైఫిలుకు అంత ఖరీదు. ఇంతా చేసిన తరువాత తూటా మారిస్తే శ్రమంతా వృథా అవుతుంది. మందు మోతాదో గుండు బరువో మారితే రెండు గొట్టాలు రెండు దారులు పడతాయి. ఎండలు మండే దేశాలలో కార్డైట్ వేగం హెచ్చుతుందని, అక్కడికి పంపే తూటాలలో మందు తగ్గించేవారు కూడా. చవుకగా కొన్న జోడు తుపాకిని చక్కబరచుకోవడమంటే దానికి నప్పే తూటాను వెదకి పట్టడం, గురిమొనను సరిచేయించడం, కీలు వదులు కాకుండా చూసుకోవడం. ఈ మూడూ చేసినవాని వద్ద తక్కువ ఖరీదు తుపాకి కూడా నమ్మకంగా పనిచేస్తుంది. చేయనివాని తుపాకి ఎట్లా ఉంటుందో చంపావత్‌లోనే తేలింది.

పులి చివరిసారిగా ఒక అమ్మాయిని ఎత్తుకుపోయింది. మరునాడు తహసీల్దారు సాయంతో 298 మంది జనం కొండ శిఖరంనుండి కేకలు వేస్తూ, డప్పులు కొడుతూ, చేతనైనవారు తుపాకులు పేలుస్తూ పులిని లోయలోకి తోలినారు. కార్బెట్ తెచ్చుకొన్నవి మూడే తూటాలు. రెండింటికి మించి అవసరం పడదనీ, మూడవది ఆపత్తుకనీ ఆయన లెక్క. మూడూ పేల్చినాడు. పులి గాయపడింది కాని పడలేదు. చెవులు వెనుకకు వాల్చి పళ్లు చూపుతూ నిలిచింది. వట్టి రైఫిలు భుజానికి ఆనించుకొని నిలబడిన ఆ మనిషిపై అది దూకి ఉంటే ఈ కథ ఇక్కడ ముగిసేది. ఏమనుకొన్నదో, పక్కకు తిరిగి ఒక రాతి అరుగు వెంట వెళ్లింది.

కార్బెట్ పరుగున గట్టెక్కి తహసీల్దారు చేతిలోని తుపాకిని లాగుకొన్నాడు. పులి ఎదురువచ్చింది. ఇరవై అడుగుల దూరంలో తుపాకి ఎత్తిన తరువాత ఆయన కంట పడింది: గొట్టాలకూ వెనుక దిమ్మకూ నడుమ అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల సందు! కీలు అంతగా అరిగిపోయిన తుపాకి పేలితే మంట వెనుకకు చిమ్మి కళ్లు పోవచ్చు. అంతకుముందే తహసీల్దారు రెండు గొట్టాలూ కాల్చినా అది పగలలేదు గదా అన్నదొక్కటే ధైర్యం. తెరచిన నోటికి గురిచూసి కాల్చినాడు. ఇరవై అడుగులలో ఏనుగంత కనిపించే గురి తప్పింది. గుండు నోటికి కాక కుడి పంజాకు తగిలింది. అంతదూరం కూడా దానిని సూటిగా పంపలేని తుపాకి అది. అప్పటికే కొనప్రాణంతో ఉన్న పులికి ఆ చిన్న దెబ్బే చాలింది. ముందుకు తూలి రాతి అంచున తల వాల్చింది. పంజాలోని గుండును తరువాత ఆయన గోళ్లతోనే ఊడదీసినాడు.

కాని అందరూ గమనించవలసిన సంగతి పులి నోటిలో ఉన్నది. కుడివైపు పై కోర సగానికి, క్రింది కోర దవడ ఎముక వరకు విరిగి ఉన్నవి. ఎప్పుడో ఎవడో కాల్చిన తుపాకి దెబ్బ అది. కోరలు పోయిన పులి సహజమైన వేట చేయలేక మనుష్యుల వెంటబడింది. ఆ కాల్చినవాడు గురి సరిలేని తుపాకి పేల్చినాడో, తొందరపడినాడో. గాయపడిన మృగాన్ని వెదకి ముగించకుండా ఇంటికి మాత్రం పోయినాడు. దాని వెల 436 మంది చెల్లించినారు. మూడు దశాబ్దాల తరువాత కొట్టిన ఠాక్ గ్రామపు ఆడపులి ఒంటిమీద కూడా పాత తుపాకి గాయాలు రెండు కనిపించినవి. ఒకటి చీము పట్టి ఉన్నది. మనిషి మాంసం మరిగిన పులిని చూసి దుష్టమృగమని లోకం తిట్టేది. కార్బెట్ మాత్రం దాని కోరలు, పంజాలు, పాత గాయాలు పరీక్షించి చూసేవాడు. చెడ్డ గురి ఎన్ని ఊళ్లకు చేటు తెస్తుందో ఆయనవలె లెక్కగట్టిన వేటగాండ్రు అరుదు.

కొన్ని నెలలకు నైనితాల్ దర్బారులో గవర్నరు జాన్ హ్యూవెట్ చంపావత్ తహసీల్దారుకు ఒక కొత్త తుపాకి బహూకరించినాడు. అంతకంటె తగిన బహుమానం మరొకటి ఉండదు! కార్బెట్‌కు లభించినది రిగ్బీ కంపెనీవారి .275 రైఫిలు. ఇది జోడు తుపాకి కాదు. ఒంటి గొట్టం, తూటాల పెట్టె, గడియ లాగి కాల్చేది. తేలికైనది. 1930లో చౌగఢ్ ఆడపులి వేటలో ఎడమ చేత పక్షిగుడ్లు రెండు పట్టుకొని కొండవాగులో నడుస్తుండగా పులి వెనుకనే కూర్చొని కనిపించింది. కుడి చేతితోనే ఆ రైఫిలును మెల్లమెల్లగా ముప్పాతిక చుట్టు తిప్పి కాల్చినాడు. 64 మందిని చంపిన పులి ఒక్క గుండుతో పడింది. గుడ్లను తిరిగి వాటి గూటిలో ఉంచినాడు.

అయినా దట్టమైన పొదలలో, దగ్గర దెబ్బకు ఆయన నమ్ముకొన్నది జోడు రైఫిలునే. జెఫ్రీ కంపెనీవారి .450/400 ఆయన వెంట చాలాకాలం ఉన్నది. పర్డీ, హాలండ్ వంటి కంపెనీల నగిషీ తుపాకులతో పోలిస్తే జెఫ్రీవారి జోడు రైఫిళ్లు తక్కువ ఖర్చువి; పనితనంలో లోపం లేనివి. గడియ లాగే రైఫిలులో రెండవ తూటాకు చెయ్యి కదలాలి, లోహం చప్పుడు కావాలి. జోడు తుపాకిలో వేలు ఒక మీటనుండి మరొక మీటకు జరిగితే చాలు. 1938 నవంబరులో ఠాక్ పులి కోసం ఒక బండమీద కూర్చొని, మగపులి గొంతుతో తానే దానిని పిలిచి, మునిమాపు వెలుతురులో ఆ రైఫిలుతో కొట్టినాడు. తుపాకి తన్నిన తన్నుకు బండమీదినుండి క్రింద వేచి ఉన్నవారిపై పడినాడు. అప్పటికి ఆయనకు 63 ఏండ్లు.

నడుమ రెండు యుద్ధాలు వచ్చినవి. 1917లో 500 మంది కుమాయూన్ వారిని ఫ్రాన్సుకు తీసుకుపోయి, ఒక్కనిని మాత్రం కోల్పోయి, తక్కినవారిని ఇల్లు చేర్చినాడు. రెండవ యుద్ధంలో సైనికులకు అడవి విద్య నేర్పినాడు. 1926లో 125 మందిని బలిగొన్న రుద్రప్రయాగ చిరుతను చంపినాడు. ఆ పిమ్మట తుపాకికంటె కెమెరా మీద మక్కువ పెరిగింది. 1944లో వెలువడిన ఆయన మొదటి ప్రసిద్ధ గ్రంథం రాబడిని యుద్ధంలో కళ్లు పోయిన భారతీయ సైనికులకు వినియోగించినాడు. వివాహం చేసుకోలేదు. అక్క మ్యాగీతో కలిసి 1947 నవంబరులో ఈ దేశం విడిచి కెన్యాకు వెళ్లినాడు. 1955 ఏప్రిల్ 19న న్యేరిలో గుండెపోటుతో మరణించినాడు. 1936లో ఏర్పడిన రక్షిత వనానికి ఆ తరువాత ఆయన పేరు పెట్టినారు. 1972 చట్టంతో అక్కడనే కాక దేశమంతటా పులివేట నిషిద్ధమైనది.

జెఫ్రీ రైఫిలు కొన్ని చేతులు మారి, తుపాకులపై గ్రంథాలు వ్రాసిన అమెరికావాడు ఎల్మర్ కీత్ వద్దకు చేరింది. రిగ్బీ రైఫిలు చాలాకాలం ఆయన గ్రంథాలు ప్రచురించిన ఆక్స్‌ఫర్డ్ సంస్థ వద్ద ఉండి, చివరకు తయారుచేసిన కంపెనీకే తిరిగి వచ్చింది. దాని మడమమీద ఉన్న పలకపై 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు గవర్నరు ఇచ్చినట్లు చెక్కి ఉన్నది. ఆఖరి గుండు పేల్చిన తహసీల్దారు తుపాకి ప్రస్తావన అందులో లేదు.