బీదల హకీం అల్ రాజీ

వసంతకాలంలో గులాబీలు పూస్తే ఎవరికైనా సంతోషమే. కాని బల్ఖ్ పట్టణానికి చెందిన అబూ జైద్ అనే పండితునికి మాత్రం ఆ వాసన తగిలితే చాలు, పడిశం పట్టుకునేదట. ఇది వెయ్యేళ్ల కిందటి మాట. అలా ఎందుకవుతుందో విచారించి, అందుకోసమే ఒక చిన్న గ్రంథం రాసిన వైద్యుడు అబూ బకర్ ముహమ్మద్ బిన్ జకరియా అల్ రాజీ. ఎలర్జీ అనే పేరు 1906లో వియన్నా డాక్టరు పిర్కే పెట్టింది. బాధ మాత్రం ఎప్పటినుంచో ఉన్నదే.

రాజీ హిజ్రీ 251లో, అంటే క్రీ.శ. 865లో, ఇరాన్‌లోని రయ్ పట్టణంలో జన్మించారు. ఆ ఊరు నేటి టెహ్రాన్‌ను ఆనుకునే ఉంది. రయ్‌లోను, బాగ్దాదులోను దవాఖానాలకు పెద్దగా పనిచేశారు. మశూచి వేరు, తట్టు వేరని వివరంగా రాశారు.

ఆయన కొలువు తీరును ఇబ్న్ అల్ నదీమ్ రాసిపెట్టారు. శిష్యులు వరుసలుగా కూర్చునేవారు. రోగి వస్తే ముందు బయటి వరుసవారు చూడాలి. వారికి అంతుచిక్కకపోతే లోపలి వరుస, వారికీ తెలియకపోతే రాజీగారే. మనం ఈనాడు చిన్న డాక్టరు నుంచి స్పెషలిస్టు దాకా ఎక్కే మెట్లూ ఇలాంటివే, కాకపోతే మెట్టు మెట్టుకూ ఒక ఫీజు! రాజీ బీదల దగ్గర తీసుకోవడం అటుంచి, ఎదురు వారికే భత్యం ఇచ్చి చూసుకునేవారట.

రయ్ పాలకుడు మన్సూర్ పేరిట ఆయన ఒక పెద్ద వైద్యగ్రంథం అంకితమిచ్చారు. మాకు మాత్రం మరో పుస్తకం మీదే మనసు. దాని పేరుకు అర్థం, దగ్గర వైద్యుడు లేనివాని కోసం అని. బీదల వైద్యమనీ దాన్ని పిలిచారు. వంటింట్లో, బజారులో దొరికే వస్తువులతోనే చికిత్సలు చెప్పారందులో. గులాబీ పడిశంతో బాధపడే పండితుని కోసం రాసిన చేయే, వైద్యుని గడప తొక్కలేనివాని కోసమూ రాసింది.

అలాంటివారు మనలో ఇంకా ఉన్నారు. తేనెటీగ కుట్టో, పడని మందు వేసుకునో ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు వాచి, ఊపిరాడకపోతే వంటింటి వైద్యం పనికిరాదు. వెంటనే తొడకు అడ్రినలిన్ సూది పడాలి. ఆ మందు ఖరీదైనదేమీ కాదు. కాని అది ఉన్నచోటికి చేరాలి, వేసే చేయి ఉండాలి. పట్నంలో నిమిషాల్లో జరిగేది, పల్లెలో బండి దొరికేసరికే ఆలస్యమైపోతుంది. తనకు ఏది పడదో తెలుసుకునే పరీక్ష సంగతి సరేసరి, అది పెద్ద ఊళ్లకే పరిమితం.

చివరి రోజుల్లో రాజీగారికి చూపు పోయింది. హిజ్రీ 313లో, క్రీ.శ. 925లో, సొంత ఊరిలోనే కన్నుమూశారు. ఆయన రాసి పెట్టుకున్న కాగితాలను శిష్యులు పోగుచేసి కూర్చగా, అల్ హావీ అనే మహాగ్రంథమైంది.