కోడి రామ్మూర్తి నాయుడు

కోడి రామ్మూర్తి నాయుడు (మరణం: 1942) ప్రఖ్యాతి గాంచిన తెలుగు మల్లయోధుడు, సర్కస్ నిర్వాహకుడు. కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులెస్ అన్న పేర్లతో ప్రసిద్ధులు. ఊపిరి బిగబట్టి చేసిన బలప్రదర్శనల వలన ఆయన పేరు దేశదేశాలకు పాకింది.

బాల్యము

రామ్మూర్తి 1880లలో వీరఘట్టంలో జన్మించారు. చాలాకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. తండ్రి వెంకన్న నాయుడు. బాల్యంలోనే తల్లిని కోల్పోయి, విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేస్తున్న పినతండ్రి నారాయణస్వామి వద్ద పెరిగారు. అక్కడి వ్యాయామశాలలో కుస్తీ నేర్చుకున్నారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేశారు. తరువాత సర్కస్ సంస్థను స్థాపించారు.

ఊపిరి బలము

ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును గాలి పూరించి తెంచడం, రొమ్ముపై పలక వేయించుకొని ఏనుగును ఎక్కించుకోవడం ఆయన ముఖ్య ప్రదర్శనలు. ఏనుగు అయిదు నిముషాలు నిలిచేదని కథనం. దీనిని వాయుస్తంభన విద్య అనేవారు. ఇందులో మహిమ వెతకనక్కరలేదు. నిండా గాలి పీల్చి కంఠద్వారం మూసి కండరాలు బిగించినపుడు, గాలి నింపిన టైరు వలె ఛాతీ గట్టిపడుతుంది. పలక బరువును పంచుతుంది. అయితే బరువు దిగేవరకు శరీరం లోపల ఉన్న ఆక్సిజన్‌తోనే గడపాలి.

ఆయన జలస్తంభన కూడా చేసేవారని చెబుతారు. ముఖం చల్లని నీటిలో మునగగానే గుండె నెమ్మదించి, రక్తం ప్రధానంగా మెదడుకు, గుండెకు మళ్ళుతుంది. ఈ గుణం మనుష్యులలో కొద్దిగా, సీల్ జంతువులలో మెండుగా ఉన్నది. అంటార్కిటికాలోని వెడెల్ సీల్ గంటకు పైగా మునిగి ఉండగలదు. దాని కండరాలలోని మయోగ్లోబిన్ ఆక్సిజన్‌ను నిల్వ చేస్తుంది. మనకు ఆ నిల్వ స్వల్పం. ఊపిరాడని బాధ ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పెరగడం వలన కలుగుతుంది, ఆక్సిజన్ తగ్గడం వలన కాదు. అందుచేత మునిగే ముందు వేగంగా, లోతుగా చాలాసార్లు శ్వాసించిన వారికి ఆ హెచ్చరిక ఆలస్యమై, నీటిలోనే స్పృహ తప్పవచ్చు. చెరువులలో, బావులలో పందెం వేసుకొనే పిల్లలకు ఇది ప్రాణాపాయం. గురుముఖంగా ఏళ్ళ తరబడి సాధించిన ప్రాణాయామం వేరు, ఇది వేరు.

చివరి రోజులు

బ్రిటన్ రాజు అయిదవ జార్జి ఆయనను గౌరవించారు. విశేషంగా ఆర్జించినా దానధర్మాలకు ఎక్కువ వెచ్చించారు. కాలిపై పుండు ముదిరి కాలు తీసివేయవలసి వచ్చింది. క్లోరోఫారం నిరాకరించి, ప్రాణాయామంతోనే శస్త్రచికిత్సకు తట్టుకున్నారని చెబుతారు. శ్వాసను నియమించడం వలన భయం, బాధ కొంత తగ్గవచ్చు గాని, అది మత్తుమందుకు సాటి రాదు. ఈ కథనం నిజమైతే ఆ నిబ్బరం ఆయనదే.

ఒడిషాలోని బలంగీర్‌లో 1942లో మరణించారు. విశాఖపట్నం సముద్రతీరంలో ఆయన విగ్రహం నెలకొల్పారు. శ్రీకాకుళంలోని క్రీడా ప్రాంగణానికి ఆయన పేరు పెట్టారు.